టైరు పొడి, నార కలిపిన పాత ప్లాస్టిక్ పలకలు 14 నెలలు ఎండావానల్లో: ఒకటి తెల్లబడింది, ఇంకోటి ఉబ్బింది, ఎందుకు?

పలకలపిచ్చి:

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. పాత ప్లాస్టిక్ కరిగించి పలకలు అచ్చు వేయడం నాకు రెండేళ్లుగా పట్టిన పిచ్చి. బయట వేసుకునే బెంచీలకి, కంచెలకి పనికొచ్చే పలక చేయాలని. మొత్తం హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలీన్), అంటే షాంపూ సీసాలు, నూనె డబ్బాలు, పగిలిన క్రేట్లు. అందులో గోగునార మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి ఒక రకం, నారతో పాటు పాత టైర్ల పొడి కూడా వేసి ఇంకో రకం, నార లేకుండా టైరు పొడి ఒక్కటే వేసి మూడో రకం చేశాను. తూకంలో ఇలా: మొదటిది ప్లాస్టిక్ 60, నార 40. రెండోది ప్లాస్టిక్ 50, నార 30, టైరు పొడి 20. మూడోది ప్లాస్టిక్ 70, టైరు పొడి 30. నార ఉన్న రెండిట్లో నారనీ ప్లాస్టిక్‌నీ అతికించే మాలెయిక్ ఆన్‌హైడ్రైడ్ కప్లింగ్ ఏజెంట్ 3 శాతం కూడా ఉంది (దాన్ని ప్లాస్టిక్ లెక్కలోనే కలిపేశాను). యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) నుంచి కాపాడే మందులేమీ వేయలేదు. హాట్ ప్రెస్‌లో 10 మిల్లీమీటర్ల మందం పలకలు తీసి, ముక్కలు కోసి, డాబా మీద పడుకోబెట్టి వదిలేశాను. 14 నెలలయింది.

ఇప్పుడు తీసి చూస్తే, మొదటిది పైన మొత్తం తెల్లబడిపోయింది. మొదట్లో లేత గోధుమ రంగు ఉండేది. వేలితో రాస్తే సుద్దలాగా అంటుకుంటోంది, నార పోగులు పైకి తేలి గరుకుగా ఉంది. తిరగేస్తే కింద వైపు దాదాపు పాత రంగే. రెండోది నల్లగానే ఉంది కానీ కోసిన అంచుల దగ్గర ఉబ్బింది, అంచు నుంచి లోపలికి సన్నటి బీటలు, అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. మూడోదానికి ఏమీ కాలేదు, కాస్త మెరుపు తగ్గింది అంతే, కాకపోతే దాని మీద కూడా ఆ ఎర్ర చుక్కలు ఉన్నాయి.

వంచి విరిచి చూస్తే మొదటిది కొత్తప్పుడు ఎంత బరువు మోసిందో దాదాపు అంతే మోసింది! చూడ్డానికి అధ్వాన్నంగా ఉన్నది అది. రెండోది చూడ్డానికి బాగుంది కానీ కొన్ని ముక్కలు సగం బరువుకే విరిగాయి. నాకు బుర్ర పనిచేయడం లేదు. టైర్లలో ఉండే నల్లటి కార్బన్ ఎండ నుంచి కాపాడుతుందని అందరూ అంటారు కదా, మరి అది వేసిందే ముందు పాడవడం ఏంటి? మొదటిదానికి పట్టింది బూజా, కుళ్లా? యూవీ పౌడర్ కొని వేసేస్తే అన్నీ సర్దుకుంటాయా? ఒక ల్యాబ్ వాళ్లు యూవీ దీపాలు, తేమ ఉన్న పెట్టెలో పెట్టి 1000 గంటల పరీక్ష చేసిస్తామంటున్నారు, అది ఎన్నేళ్లకి సమానం అని అడిగితే సూటిగా చెప్పడం లేదు. అది కూడా తెలిస్తే చెప్పండి.

పీచుమనిషి:

ముందు ఆ తెలుపు సంగతి. అది కుళ్లు కాదండీ. కుళ్లు అయితే మెత్తబడుతుంది, వాసన వస్తుంది, నీడ వైపే ఎక్కువ పడుతుంది. మీకు ఎండ తగిలిన వైపు మాత్రమే వచ్చింది, కింద రాలేదు, అక్కడే సమాధానం ఉంది.

నారలో సెల్యులోజ్‌ని పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. నేల దాకా వచ్చే యూవీ సుమారు 290 నుంచి 400 నానోమీటర్ల మధ్యది, దాన్ని నారలో అన్నిటికంటే ఎక్కువగా పీల్చేది లిగ్నినే. పీల్చుకుని అదే ముందు విరిగిపోతుంది. విరిగిన ముక్కలు మొదట పసుపు రంగు తెస్తాయి. మీరు మొదటి నెలల్లో చూసుంటే పలక కాస్త పచ్చబడి ఉండేదని నా అనుమానం. తర్వాత వాన పడ్డప్పుడల్లా ఆ ముక్కలు నీళ్లలో కరిగి పోతాయి, మిగిలేది తెల్లటి సెల్యులోజ్. మీ వేలికి అంటుకున్న దాంట్లో అది ఒక భాగం, రెండో భాగం విరిగిన ప్లాస్టిక్. నారని బట్టి ఇది మారుతుంది. కొబ్బరి పీచులో లిగ్నిన్ 40 శాతం దాకా ఉంటుంది, అవిసె నారలో రెండు మూడు శాతమే. గోగునార ఈ రెంటికీ మధ్యలో. అలాగని లిగ్నిన్ లేని నార వేస్తే ఎండ బాధ తీరిపోతుందని అనుకోకండి, యూవీని పీల్చడం వల్ల అది కిందనున్న ప్లాస్టిక్‌కి కొంత గొడుగు పడుతుంది కూడా. శత్రువా మిత్రమా అంటే రెండూనూ.

ఇక ప్లాస్టిక్. స్వచ్ఛమైన పాలిథిలీన్ అసలు ఈ యూవీని పెద్దగా పీల్చదు. పీల్చేవి దాంట్లో ఉన్న మురికి, అంటే ఉత్ప్రేరకాల అవశేషాలు, ఇంతకు ముందు కరిగించినప్పుడు ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడ్డ పెరాక్సైడ్లు, కార్బొనిల్ గుంపులు. కొత్త ప్లాస్టిక్‌లో ఇవి కొద్దిగా ఉంటాయి. మీది ఒకసారి సీసాగా పుట్టి, ఎండలో తిరిగి, కడిగి, ముక్కలు చేసి, మళ్లీ కరిగించిన సరుకు. పైగా సీసా తయారు చేసినవాళ్లు వేసిన యాంటీఆక్సిడెంట్ ఈపాటికి చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. అంటే నిప్పురవ్వలు ముందే లోపల ఉన్నాయి, నీళ్లు చల్లేవాడు లేడు.

రవ్వ అంటుకున్నాక ప్లాస్టిక్ అణువుల పొడుగాటి గొలుసులు తెగుతాయి. తెగిన చిన్న ముక్కలకి కదలడానికి చోటు దొరుకుతుంది కాబట్టి అవి వెళ్లి పక్కనున్న స్ఫటికాల్లో సర్దుకుంటాయి. అలా సర్దుకుంటే పై పొర కుంచించుకుపోతుంది, కింద పొర కుంచించుకోదు, దాంతో ఎండిన చెరువు మట్టిలా పైన సన్నటి నెర్రెలు. ఆ నెర్రెల్లోంచి నీరు దిగి నార ఉబ్బుతుంది, ఎండకి మళ్లీ ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న పెళుసు ప్లాస్టిక్‌ని నెట్టి రాలగొడుతుంది. రాలిన చోట కొత్త ఉపరితలం ఎండకి దొరుకుతుంది. ఎండ కాల్చడం, వాన కడగడం, ఇద్దరూ వంతులవారీగా చేసే పని ఇది. ఒక్క ఎండో ఒక్క వానో అయితే ఇంత నష్టం ఉండదు.

కానీ ఇదంతా పైపైనే. యూవీ లోతుకి దిగలేదు, ఆక్సిజన్ కూడా మందపాటి ప్లాస్టిక్‌లోకి నెమ్మదిగానే వెళ్తుంది. దెబ్బ తినేది సాధారణంగా ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. పది మిల్లీమీటర్లలో అంత పోతే బరువు మోయడంలో తేడా పెద్దగా తెలియదు. ఒక్కటి అడుగుతాను, మీరు వంచినప్పుడు తెల్లబడిన వైపు పైకి పెట్టారా కిందికా?

పలకలపిచ్చి:

పైకి పెట్టి మధ్యలో బరువు దించాను. అది కూడా లెక్కలోకి వస్తుందా?

పీచుమనిషి:

అదే అసలు లెక్క. పైన బరువు దించితే పై ముఖం నొక్కుకుంటుంది, కింది ముఖం సాగుతుంది. బీటలు సాగే వైపు ఉంటే తెరుచుకుని లోపలికి పరుగెడతాయి, నొక్కుకునే వైపు ఉంటే మూసుకుపోతాయి. మీరు మొదటి రకాన్ని దాని బలహీనత బయటపడని పద్ధతిలో విరిచారు. మిగిలిన ముక్కలుంటే తెల్ల ముఖం కిందికి పెట్టి మళ్లీ చేయండి. ఇంకోటి, ముక్కలన్నీ ఒకే తేమలో ఉండాలి. తడి నార మెత్తగా ఉంటుంది, వానలోంచి తెచ్చి వెంటనే విరిస్తే మీరు కొలిచేది నీటిని, ఎండ దెబ్బని కాదు. కనీసం రెండు వారాలు నీడలో, గాలి ఆడే చోట ఆరనిచ్చి, తూకం స్థిరపడ్డాక విరవండి.

గరుకుచెయ్యి:

సైన్సు నాకంతగా తెలీదు గానీ పలకలు చాలా చేశాను, కాబట్టి రెండో రకం గురించి చెప్తా. టైరు పొడి కరగదు బ్రో. గంధకంతో ఉడికించిన రబ్బరు అది, ఎంత వేడి చేసినా మాడుతుంది తప్ప పారదు. పిండిలో రాళ్లు కలిపినట్టే, కాకపోతే మెత్తటి రాళ్లు. నార కూడా కరగదు. అంటే నీ రెండో రకంలో సగం సరుకు కరగనిది, మిగతా సగమే అన్నిటినీ తడిపి అంటించాలి. హాట్ ప్రెస్‌లో కలిపే పని జరగదు, నొక్కే పనే జరుగుతుంది. ముందు ఎక్స్‌ట్రూడర్‌లోనో (కరిగించి కలిపి బయటికి తోసే మిషన్) రోలర్ల మీదో బాగా కలిపావా లేక పొడిగా కలిపి నేరుగా అచ్చులో పోశావా? నేరుగా పోస్తే లోపల గాలి గదులు గ్యారంటీ. ఒక ముక్క కోసి, ఆ కోసిన ముఖాన్ని సన్న శాండ్‌పేపర్‌తో రుద్ది భూతద్దంతో చూడు, రబ్బరు గింజల చుట్టూ నల్లటి సందులు కనిపిస్తే అదే నీ రోగం.

ఇంకో మాట. నార తడిగా ఉండగా వేశావా? గాలిలో ఉంచిన నారలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్‌లో అది ఆవిరై బుడగలు కడుతుంది. ఓవెన్‌లో వంద డిగ్రీలకి కాస్త పైన రాత్రంతా ఉంచి, ఒక శాతం తేమకి దిగాక వేయి. ప్రెస్ 200 డిగ్రీలు దాటనివ్వకు, నార మాడుతుంది.

పలకలపిచ్చి:

నేరుగానే పోశాను 🙈. చిన్న మిక్సర్‌లో పొడిగా తిప్పి అచ్చులోకి. నార ఎండలో ఆరబెట్టాను గానీ ఓవెన్‌లో కాదు. ఇప్పుడే ఒక ముక్క కోసి చూశాను, మీరన్నట్టే సందులున్నాయి. నారలు కూడా కొన్నిచోట్ల కట్టలు కట్టలుగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మరి అదే పద్ధతిలో చేసిన మొదటి రకం ఎందుకు ఉబ్బలేదు?

మసిబొగ్గు:

ఎందుకంటే అందులో ప్లాస్టిక్ ఎక్కువ. తూకంలో 60, 50 అంటే పది శాతమే తేడా అనిపిస్తుంది గానీ, నీళ్లు దారి వెతుక్కునేది తూకంలో కాదు, జాగాలో. హెచ్‌డీపీఈ సాంద్రత సుమారు 0.95, టైరు పొడి 1.15, నార గోడ 1.45 అనుకుని లెక్కేస్తే మొదటి రకంలో ప్లాస్టిక్ ఆక్రమించే జాగా సుమారు 70 శాతం, రెండోదాంట్లో 58. ఇది సందులు లేవనుకుని వేసిన లెక్క. మీ పలకలో సందులు కూడా ఉన్నాయి కాబట్టి నార నుంచి సందుకి, సందు నుంచి ఇంకో నారకి నీటికి రహదారి పడిపోయింది. అది మొదలయ్యేది కోసిన అంచు దగ్గరే, ఎందుకంటే అచ్చు ముఖం మీద పల్చటి ప్లాస్టిక్ చర్మం ఉంటుంది, రంపంతో కోసిన చోట అది ఉండదు, తెగిన నార మొనలన్నీ స్ట్రాల్లాగా నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

కప్లింగ్ ఏజెంట్ వేశాను కదా అంటారేమో. అది నార మీదున్న హైడ్రాక్సిల్ గుంపుల్ని పట్టుకుంటుంది. రబ్బరు గింజ మీద అవి లేవు, దానికి ఈ జిగురు పనిచేయదు. రబ్బరుకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఏ బంధమూ లేకుండా ఉండిపోయింది.

ఇక మీ అసలు ప్రశ్న, టైర్లోని కార్బన్ బ్లాక్ ఎందుకు కాపాడలేదని. ఇది చాలామంది పడే పొరపాటు, నేనూ పడ్డాను, ఆ ఉత్సాహంలో ఒక బ్యాచ్ మొత్తం పారేశాను. కార్బన్ బ్లాక్ నిజంగానే గొప్ప యూవీ రక్షణ. నల్లటి పాలిథిలీన్ నీటి పైపుల్లో రెండు, రెండున్నర శాతం వేస్తేనే ఏళ్లకేళ్లు ఎండలో నిలుస్తాయి. కానీ అక్కడ అది 20 నానోమీటర్ల చుట్టుపక్కల సైజులో ఉన్న రేణువులుగా, ప్లాస్టిక్ అంతటా సమానంగా పరుచుకుని ఉంటుంది. టైరు పొడిలో అది రబ్బరు గింజ లోపల బందీ. టైరు రబ్బరులో కార్బన్ బ్లాక్ సుమారు 30 శాతం అనుకుంటే మీ రెండో రకంలో మొత్తం మీద 6 శాతం ఉన్నట్టు. పైపు కంటే రెండింతలకి పైన! అయినా గింజకీ గింజకీ మధ్యనున్న ప్లాస్టిక్‌లో అది దాదాపు సున్నా. గింజ తనని తాను కాపాడుకుంటుంది, తన నీడ పడ్డంత మేర కాపాడుతుంది, ఆ పక్కన ఎండ మామూలుగానే కాల్చేస్తుంది. పలక నల్లగా కనిపిస్తుంది కాబట్టి మనం మోసపోతాం. మీ మూడో రకంలో గింజలు దగ్గర దగ్గరగా ఉండి నీడ ఎక్కువ పడింది, నీరు పీల్చడానికి నార లేదు, అందుకే బతికింది. రెండో రకాన్ని చంపింది ముఖ్యంగా నీరు. దానికి యూవీ పౌడర్ ఎంత వేసినా ఆ అంచులు ఉబ్బేవే.

ఎర్ర మచ్చల గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. అది తుప్పు. టైరులో ఉక్కు తీగలుంటాయి, పొడి చేసినప్పుడు అయస్కాంతంతో లాగేస్తారు గానీ సన్నటి ముక్కలు మిగులుతాయి. ఆ తీగలకి రబ్బరు అంటుకోవడానికి ఇత్తడి పూత వేస్తారు. ఇత్తడి అంటే రాగి, జింకు. రాగి పాలిథిలీన్‌కీ పాలీప్రొపిలీన్‌కీ పరమ శత్రువు, ఇనుము కూడా తక్కువేం కాదు, ఇందాక పీచుమనిషి గారు చెప్పిన పెరాక్సైడ్లని ఇవి చకచకా విడగొట్టి కొత్త రవ్వలు పుట్టిస్తాయి. మచ్చ చుట్టూ సన్నటి బీటలు ఉన్నాయేమో చూడండి. బలమైన అయస్కాంతం మీదుగా పొడిని పల్చగా రెండు మూడుసార్లు జారవిడవండి, ఎంత వస్తుందో చూసి ఆశ్చర్యపోతారు.

యూవీ మందు వేయాలనుకుంటే ఇంకో మెలిక. ఎక్కువగా వాడేది హాల్స్ రకం, అది వెలుతురుని అడ్డుకోదు, పుట్టిన రవ్వల్ని ఆర్పుతుంది. దానికి క్షార గుణం ఉంటుంది. ఆమ్లాలు, కొన్ని గంధకం సమ్మేళనాలు తగిలితే దాని పని మందగిస్తుంది. టైరులో గంధకం ఉంటుంది, మీ సీసాల్లో పొరపాటున పీవీసీ ముక్కలు కలిస్తే వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తుంది. డబ్బు పెట్టి కొన్న మందు ఎండ మొహం చూడకముందే సగం చచ్చిపోతుందన్నమాట. అందుకే టైరు పొడి ఉన్నదాంట్లో ముందు కార్బన్ బ్లాక్ మాస్టర్‌బ్యాచ్ (కార్బన్‌ని ముందే ప్లాస్టిక్‌లో చిక్కగా కలిపి చేసిన గింజలు) వేయమంటాను, హాల్స్ తర్వాత.

ఊరికేచదివేవాడు:

మధ్యలో దూరుతున్నా. తెల్లబడితే ఏమైందండీ? బెంచీ బలంగానే ఉందంటున్నారు కదా. కర్ర కూడా ఎండలో బూడిద రంగుకి వస్తుంది, ఎవరూ ఏడవరు. అన్నిటికీ మసి పూసి నల్లగా చేయడం దేనికి, నల్ల బెంచీ మీద మధ్యాహ్నం కూర్చుంటే తెలుస్తుంది.

మసిబొగ్గు:

ఆ చివరి మాట నిజమే 😄 ఎండలో నల్ల పలక 60, 70 డిగ్రీలకి పోవడం మామూలే. వేడెక్కితే సాగుతుంది కూడా, రెండు మీటర్ల ఉత్త హెచ్‌డీపీఈ పలక 40 డిగ్రీల తేడాకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నార వేస్తే ఈ సాగడం బాగా తగ్గుతుంది, నార వేయడానికి ఉన్న మంచి కారణాల్లో అదొకటి. మరలు బిగించేటప్పుడు రంధ్రం కాస్త పొడుగ్గా తీయాలి.

కానీ తెలుపు సంగతిలో ఒప్పుకోను. కర్ర మీద నుంచి రాలేది కర్ర, మట్టిలో కలిసిపోతుంది. దీని నుంచి రాలేది ప్లాస్టిక్ పొడి, వానకి కొట్టుకుపోయి ఎక్కడికో చేరుతుంది. రాలకుండా చూసుకోవడం మన పనే. టైరు పొడితో ఇంకో జాగ్రత్త, దాన్నుంచి జింకు నీళ్లలోకి దిగుతుంది. టైర్లలో వేసే 6పీపీడీ అనే ఓజోన్ నిరోధకం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారే పదార్థం కోహో సాల్మన్ చేపల్ని చంపుతోందని 2020లో బయటపడింది. అందుకని చేపల చెరువు గట్టుకి, కూరగాయల మడులకి టైరు పొడి పలక వాడొద్దనే చెప్తాను. కంచెకి, బెంచీకి అంటే మీ ఇష్టం.

దీపంకిందచీకటి:

1000 గంటలు ఎన్నేళ్లు అన్న ప్రశ్నకి వస్తాను, ఇలాంటి పరీక్షలు నడిపే పని చేశాను కాబట్టి. సూటిగా చెప్పని ల్యాబ్ నిజాయితీ గల ల్యాబ్. ఎవరైనా "1000 గంటలు అంటే రెండేళ్లు" అని టక్కున చెప్తే అక్కడినుంచి లేచి రండి.

ముందు ఏ దీపమో అడగండి. ఫ్లోరసెంట్ గొట్టాల్లో యూవీఏ-340 అనేది సూర్యకాంతిలోని చిన్న తరంగాల భాగానికి బాగా దగ్గరగా ఉంటుంది. యూవీబీ-313 అయితే నేల మీదకి అసలు రాని తరంగాలు కూడా చిమ్ముతుంది, పరీక్ష తొందరగా అయిపోతుంది గానీ బయట జరగని నష్టాలు జరిగి ఏది మేలు, ఏది కాదు అన్న వరస తారుమారవుతుంది. జినాన్ దీపం మొత్తం సూర్యకాంతికి దగ్గర, అందులో 102 నిమిషాలు వెలుతురు, 18 నిమిషాలు వెలుతురుతో పాటు నీటి జల్లు అనే చక్రం వాడుకలో ఉంది. ఫ్లోరసెంట్‌లో ఎక్కువగా నడిపేది 60 డిగ్రీల దగ్గర 8 గంటల వెలుతురు, తర్వాత 50 డిగ్రీల దగ్గర 4 గంటలు చీకట్లో ఆవిరి చెమ్మ. అంటే అలాంటి 1000 గంటల్లో వెలుతురు ఉండేది 667 గంటలే! వాళ్లు గంటలు ఎలా లెక్కపెడతారో కూడా అడగండి, చీకటి కలిపా కలపకుండానా అని. ఇద్దరు చేసిన "1000 గంటలు" ఒకటి కాకపోవడానికి ఇదే కారణం.

మీ విషయంలో ఇంకా పెద్ద చిక్కుంది. ఆ 4 గంటల చెమ్మ పది మిల్లీమీటర్ల పలక పై చర్మాన్ని తడుపుతుంది తప్ప లోపలికి దిగడానికి టైమ్ చాలదు. మీ రెండో రకం చెడింది వారాల తరబడి అంచుల్లోంచి దిగిన నీటితో. ఆ పెట్టెలో పెడితే రెండోది ఫస్ట్ క్లాస్‌లో పాసవుతుంది, మొదటిది ఫెయిలవుతుంది. మీ డాబా చెప్పిన దానికి సరిగ్గా తలకిందులు. అందుకని ముందు నీళ్ల పరీక్ష చేయండి, డబ్బు ఖర్చు లేదు. కోసిన ముక్కల్ని తూచి, మందం కొలిచి, నీళ్లలో ముంచి వారానికోసారి తుడిచి తూచండి. 24 గంటలకి తీసేసి బాగుంది అనుకోవద్దు, ఇలాంటి పలకలు నీరు తాగడానికి నెలలు తీసుకుంటాయి.

ల్యాబ్‌లో ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతిని ఏది ఎంత పీల్చిందో గీసే పరీక్ష) తీసి కార్బొనిల్ సూచీ ఇస్తామంటారు. ఆ గీతలో 1715 (తరంగ సంఖ్య, సెం.మీ.కి) చుట్టుపక్కల శిఖరం ఎంత పెరిగిందో చూసి ఎంత ఆక్సీకరణ జరిగిందో చెప్పే పద్ధతి. ఉత్త ప్లాస్టిక్‌కి చక్కగా పనిచేస్తుంది. నార ఉంటే నారలోని హెమీసెల్యులోజ్‌కి కూడా 1735 దగ్గర సొంత శిఖరం ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. టైరు పొడి ఉంటే కార్బన్ సిగ్నల్‌ని మింగేస్తుంది, మామూలు వజ్రపు స్ఫటికం మీద గీత వంకరపోతుంది, జర్మేనియం స్ఫటికం మీద తీయమని అడగండి. ఇంకో తమాషా చూశాను, బయట పెట్టిన నమూనాలో ఈ సూచీ కొన్నాళ్లు పెరిగి తర్వాత తగ్గుతుంది. బాగుపడిందని కాదు, చెడిన పొర వానకి కొట్టుకుపోయి కింది పొర బయటపడింది, అంతే. అందుకే సూచీతో పాటు బరువు, మందం కూడా ఎప్పటికప్పుడు రాసుకోవాలి.

డాబా మీద పడుకోబెట్టడం కూడా మానేయండి. నీరు నిలుస్తుంది, కింది కాంక్రీటు వేడి కలుస్తుంది. 45 డిగ్రీల వాలులో, వెనక గాలి తగిలేలా చట్రం మీద, మధ్యాహ్నపు సూర్యుడికి ఎదురుగా పెట్టండి. ప్రతి రకంలో రెండు ముక్కలు చీకటి పెట్టెలో దాచండి. అవి లేకుండా దేంతో పోల్చుకుంటారు?

పలకలపిచ్చి:

నిన్న రాత్రి మిగిలిన మొదటి రకం ముక్కలు నాలుగు తెల్ల ముఖం కిందికి పెట్టి విరిచాను. నాలుగూ ఇదివరకటి కంటే తక్కువ బరువుకే పోయాయి, ఒకటి చప్పుడు లేకుండా వంగేది పోయి ఠప్పున విరిగింది. పీచుమనిషి గారూ, దండం. టైరు పొడి అయస్కాంతం మీద జారవిడిస్తే రెండు గుప్పెళ్ల పొడికి చిటికెడు తీగ ముక్కలొచ్చాయి, జుట్టు కంటే సన్నం.

కొత్త ప్లాన్ ఇది: నార 20కి తగ్గిస్తాను, టైరు పొడి సన్న జల్లెడ పట్టి 10 మాత్రమే, ఓవెన్‌లో ఆరబెట్టి ఎక్స్‌ట్రూడర్‌లో రెండుసార్లు తిప్పి, 2 శాతం కార్బన్ బ్లాక్ వేసి, అంచులకి కరిగిన ప్లాస్టిక్ పూసి, చట్రం మీద పెడతాను.

దీపంకిందచీకటి:

ఒకేసారి ఇన్ని మార్చేశారు. బాగుంటే దేనివల్ల బాగుందో ఎలా తెలుస్తుంది? ఎక్స్‌ట్రూడర్, ఆరబెట్టడం అన్నిటికీ ఉంచండి, అవి ఎలాగూ చేయాల్సినవే. మీ పాత నిష్పత్తులే మళ్లీ చేసి సగం ముక్కలకి అంచులు పూయండి, సగం వదిలేయండి. కార్బన్ బ్లాక్ ఉన్నది ఒక వరస, లేనిది ఒక వరస. కొత్త నిష్పత్తి వేరే వరస. ముక్కలు ఎక్కువవుతాయి, తప్పదు.

గరుకుచెయ్యి:

అంచు పూత గురించి. ఉత్త హెచ్‌డీపీఈ కరిగించి పూస్తే చల్లారాక ఊడొస్తుంది, నా చేతిలో చాలాసార్లు ఊడింది. ముందు అంచుని వేడి ఇనప పలకకి ఒక నిమిషం ఆనించి దాని ప్లాస్టిక్కే మెత్తబడనివ్వు, అప్పుడు పూసింది పట్టుకుంటుంది. ఊరికే వేడి పలకకి గట్టిగా నొక్కి తీసినా నార మొనలు చాలావరకు మూసుకుంటాయి.

పలకలపిచ్చి:

సరే, వరసలుగానే చేస్తాను. కార్బన్ బ్లాక్ నేరుగా పొడి కొననా, మాస్టర్‌బ్యాచ్ గింజలా? 2 శాతం అంటే కిలోకి 20 గ్రాములు వేస్తే చాలు కదా?

మసిబొగ్గు:

పొడి ముట్టుకోకండి, ఇల్లంతా నల్లబడుతుంది, పైగా మీ మిషన్‌లో అది సరిగ్గా విడదు, ఉండలు కట్టిన మసి మసే కాదు. గింజలే కొనండి, పాలిథిలీన్‌లో చేసినవి. కానీ 20 గ్రాములు కాదు. గింజల్లో కార్బన్ ఎంత శాతమో సంచి మీద ఉంటుంది, 40 శాతం అని ఉంటే కిలోకి 50 గ్రాములు వేయాలి. మిగతా 30 గ్రాములు ప్లాస్టికే కాబట్టి దాన్ని ప్లాస్టిక్ లెక్కలో కలుపుకోండి.